నాన్న కూర్చోని సోఫా

వానలు మొదలయ్యాక పెద్దాయన సోఫాలో కూర్చోవడం మానేశారు.

మొదట్లో ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. వంటింట్లో ఉండే చెక్క కుర్చీ ఒకటి తెచ్చుకుని ముందుగదిలో కిటికీ పక్కన వేసుకున్నారు. పొద్దున టీ అక్కడే, పేపరు అక్కడే. సాయంత్రం టీవీ కూడా అక్కణ్ణుంచే, మెడ పక్కకి వంచుకుని చూసేవారు. ఆ కుర్చీకి ఆనుకోవడానికి చేతులు లేవు, సీటు మీద చిన్న దిండైనా లేదు. సాయంత్రమయ్యేసరికి ఆయన పాదాలు వాచి చెప్పుల్లో పట్టేవి కావు.

"మెత్తటి సోఫా పెట్టుకుని ఆ చెక్క మీద ఎంతసేపు కూర్చుంటావు నాన్నా?" అని కూతురు అడిగితే, "నడుముకి ఇదే మంచిది" అన్నారు.

అల్లుడు నవ్వాడు. "ఊళ్ళో సోఫాలన్నీ తళతళలాడించేవాళ్ళ ఇంట్లో సోఫా ఎలా ఉంటుందో మావయ్యకి తెలుసు. అందుకే దూరంగా ఉంటున్నారు."

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. కూతురికి ఇంటి సోఫా దులిపే తీరిక ఉండేది కాదు. బూడిద రంగు గుడ్డ, కింద పాత ఎర్ర తివాచీ, రెండూ ఎప్పుడో ఒకసారి ఆదివారం ఆమె చేతికి చిక్కేవి.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురే. అల్లుడు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తాడు. కూతురు చేసేది తండ్రి పనే. తివాచీలు, సోఫాలు, కుర్చీల దిండ్లు ఇంటింటికీ వెళ్ళి శుభ్రం చేస్తుంది. పెద్దాయన ఒక బకెట్టు, రెండు బ్రష్షులు, తెల్ల గుడ్డల మూట సైకిలుకి కట్టుకుని మొదలుపెట్టిన పని అది. ఇప్పుడు వ్యాను ఉంది. నీళ్ళు చిమ్మి, ఆ వెంటనే మురికితో సహా పీల్చేసే మెషిను ఉంది. మోకాళ్ళు మొరాయించడంతో పెద్దాయన ఇంటిపట్టున ఉండిపోయారు. అయినా కూతురి చేతుల్లో ఉన్నది ఆయన చెయ్యే.

"రుద్దకు, అద్దు" అనేవారు నేర్పేటప్పుడు. "మరక అంచు నుంచి లోపలికి రా. లోపల్నుంచి బయటికి వెళ్ళావంటే మరకకి ఇల్లు కట్టించినట్టే." తివాచీ మీద నూగు ఎటు వాలితే బ్రష్షు అటే నడవాలి. కొత్త మందు ఏదైనా ముందు సోఫా వెనక, ఎవరికీ కనపడని మూల ఒక చుక్క వేసి రంగు దిగుతుందేమో చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం నీళ్ళు. గుడ్డ తడవాలి గాని లోపలి స్పాంజి తడవకూడదు, తడిసిందంటే ఆరక కంపు కొడుతుంది. ఒకసారి ఆమె తొందరపడి మగ్గుతో నీళ్ళు గుమ్మరిస్తే, ఆ ఇంటావిడ ముందే పెద్దాయన కూతురి చేతిలోంచి మగ్గు లాక్కున్నారు.

మనుషుల గురించి కూడా ఒక మాట నేర్పారు. "మరక దేనిదో అడుగు. ఎవరిదో అడక్కు. దేనిదో తెలియకపోతే మందు కలపలేం. ఎవరిదో తెలిసి మనం చేసేదేం లేదు."

అడక్కపోయినా జనం చెప్పేవారు, ఎక్కువమంది అబద్ధమే. పిల్లి చేసిందనేవారు. పిల్లి వెంట్రుక ఒక్కటి కూడా లేని ఇళ్ళలో సైతం తప్పు పిల్లిదే. తండ్రీ కూతుళ్ళు "అలాగేనండి, పిల్లులంతే" అని తలాడించి, ఏ మందు కలపాలో అది కలిపేవారు. బయటికొచ్చాక కూడా నవ్వుకునేవారు కాదు. వ్యాను ఎక్కాక మాత్రం ఆయన ఒక్కోసారి, "పాపం, లేని పిల్లి ఎన్ని నిందలు మోస్తుందో!" అనేవారు.

ఒక మధ్యాహ్నం కూతురు వెళ్ళిన ఇంటికి తాళం వేసి ఉంది. ఫోను చేస్తే, మర్చిపోయామన్నారు. తిట్టుకుంటూ వ్యాను వెనక్కి తిప్పి ఇంటికొచ్చింది.

తలుపు తీసేసరికి పెద్దాయన సోఫా ముందు నేల మీద కూలబడి ఉన్నారు. చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి. పక్కన స్నానాల గదిలోంచి తెచ్చుకున్న బకెట్టు. సీటు దిండుకి జిప్పు తీసి, పై గుడ్డ సగం ఒలిచి, లోపలి స్పాంజిని రెండు చేతులతో నొక్కుతున్నారు. నొక్కిన ప్రతిసారీ నీళ్ళు ధారగా తివాచీ మీదికి కారుతున్నాయి. ఎర్ర తివాచీ అక్కడంతా నల్లగా కనపడుతోంది.

ఆమె ఒక్క అంగలో దగ్గరికి వెళ్ళింది. "పడిపోయావా నాన్నా?"

"పడలేదు. లేవలేకపోయాను, అంతే."

"ఎంతసేపట్నుంచి?"

"ఇప్పుడే. టీ ఒలికింది. తుడుద్దామని కూర్చున్నాను."

ఆమె వెనక నుంచి ఆయన చంకల కింద చేతులు వేసి లేపింది. మనిషి తేలికైపోయారు. చెక్క కుర్చీలో కూర్చోబెట్టి, పొడి చొక్కా తెచ్చి ఇచ్చి, బకెట్టు తియ్యడానికి వంగింది. అప్పుడు తగిలింది వాసన. ఆ పనిలో ఉన్నవాళ్ళకి అది టీ వాసన కాదని చెప్పక్కర్లేదు. ఒక్కరోజుది కూడా కాదు. ఒలిచిన గుడ్డ లోపలి వైపు ఒక చారలో ఇంకో చార, దాని మీద మరొకటి, గోధుమరంగు అంచులతో ఉంగరాల్లా ఉన్నాయి. ఎండినచోటే మళ్ళీ తడిసింది, మళ్ళీ ఎండింది. తమిద్దరూ పనికి వెళ్ళిన వేళల్లో ఆయన ఒక్కరే తుడుచుకుంటూ, ఆరబెట్టుకుంటూ, ఎవరైనా వచ్చేలోగా దిండు తిరగేసి పెట్టేస్తూ వచ్చారు. ఆ పని చేసే ఓపిక కూడా తగ్గాక సోఫాయే మానేసి ఉంటారు. ఇవాళ మాత్రం ఏ కాసేపో అందులో నడుం వాల్చి ఉంటారు.

"టీయేనా నాన్నా?" అంది, ఏమనాలో తోచక.

"టీయే" అన్నారు ఆయన కిటికీలోంచి చూస్తూ.

ఆమెను ఎక్కువ బాధపెట్టింది చారలు కాదు, ఆ బకెట్టు. స్పాంజి తడిస్తే ఏమవుతుందో ఊరందరికీ చెప్పిన మనిషి దాని మీద బకెట్టెడు నీళ్ళు కుమ్మరించారంటే, ఎంత కంగారు పడి ఉండాలి! ఆమె స్పాంజిని నిలబెట్టి గోడకి ఆనించింది. తివాచీ అంచు పైకి మడిచి కింద పాత పేపర్లు పరిచింది.

సాయంత్రం వంటింట్లో కూరగాయలు తరుగుతూ ఆమె భర్తకి చెప్పేసింది. ఎవరితోనైనా చెప్పుకుంటే గాని బరువు దిగదనిపించింది. అతను విని, "అయ్యో, ఇంత చిన్నదానికి అంత దాపరికమా? వయసు మీద పడితే ఎవరికైనా తప్పదు" అన్నాడు. జాలిపడ్డాడు కూడా. ఆమెకి కాస్త ఊరట కలిగింది.

మర్నాడు అతను షాపు నుంచి వస్తూ ఒక పెద్ద చుట్ట చంకన పెట్టుకొచ్చాడు. దళసరి ప్లాస్టిక్ కవరు. ఆరీ ఆరని దిండు మళ్ళీ సోఫాలో పెట్టి, కవరు పొడవునా పరిచి, సోఫా చేతులకి తొడిగి, వెనక ముడి వేశాడు. ప్రతి కదలికకీ అది పెళపెళమంది. పెద్దాయన చెక్క కుర్చీలోంచి చూస్తూనే ఉన్నారు. కూతురు వంటింట్లోంచి వచ్చేసరికే ఆలస్యమైపోయింది.

"రండి మావయ్యా, ఇక హాయిగా కూర్చోండి" అంటున్నాడు అతను, చేతులు దులుపుకుంటూ. "ఏమైనా భయం లేదు. ఒక్కసారి తుడిచామంటే పోతుంది. మా షాపు ఓనరు గారి నాన్నక్కూడా ఇలాంటిదే వేశారట."

పెద్దాయన సోఫా వైపు చూశారు. అల్లుడి వైపు చూశారు. చివరికి కూతురి వైపు చూసిన చూపుకి ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆన్చి లేచి, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నారు.

మర్నాడు ఆమె పనికి వెళ్ళకుండా ఉండిపోయి, కంచం పట్టుకుని గదిలోకి వెళ్ళింది. ఆయన మంచం మీద వెన్ను నిటారుగా పెట్టుకుని, పరాయివాళ్ళింటికి చుట్టపుచూపుగా వచ్చినట్టు కూర్చుని ఉన్నారు.

"అల్లుడికి నువ్వు చెప్పావా?"

"చెప్పాను నాన్నా."

"మనం ఎన్ని ఇళ్ళకి వెళ్ళాం చిన్నీ! ఎన్నెన్ని చూశాం! ఒక ఇంటి సంగతి ఇంకో ఇంట్లో ఎప్పుడైనా అన్నామా? మీ అమ్మకి కూడా చెప్పేవాణ్ణి కాదు నేను."

"ఆయనేం పరాయివాడా నాన్నా?"

"కాదు. అదే కదా బాధ. పరాయివాడైతే రేపు మొహం చూడక్కర్లేదు."

ఆమెకి ఏడుపు ఆగలేదు. పొరపాటైపోయింది నాన్నా అంది. పైవాళ్ళ విషయంలో ఏనాడూ జారని నోరు నీ విషయంలోనే జారింది అంది. ఆయన ఓదార్చలేదు. ఫరవాలేదనీ అనలేదు. కంచం దగ్గరికి లాక్కుని, "నువ్వు వెళ్ళు, తింటాను" అన్నారు.

ఆ రోజే ఆమె ప్లాస్టిక్ కవరు పీకి పారేసింది. భర్త వచ్చి చూసి నొచ్చుకున్నాడు. "మంచికే కదా తెచ్చాను?"

"మంచికే. కాదన్నానా? ఆయన్ని అడక్కుండా తెచ్చారు. నేనూ ఆయన్ని అడక్కుండా చెప్పాను. మనిద్దరం ఒకటే."

పెద్దాయన గది దాటి రావడం దాదాపు మానేశారు. తన బట్టలు తానే ఉతుక్కుని, వెనక కిటికీ ఊచలకి ఆరేసుకునేవారు. అల్లుడి అడుగుల చప్పుడు వినపడితే నిద్ర నటించేవారు. అల్లుడు తలుపు దగ్గర నిలబడి, "మావయ్యా, నేను షాపుకి వెళ్ళొస్తా" అని రోజూ చెప్పేవాడు. లోపల్నుంచి జవాబు ఉండేది కాదు. అయినా మర్నాడు మళ్ళీ చెప్పేవాడు.

స్పాంజి పైకి ఆరింది గాని లోపల తడి అలాగే ఉంది. ముందుగదిలో వాసన నిలిచిపోయింది. ఆదివారం పొద్దున భర్త బజారుకి వెళ్ళాక ఆమె వ్యానులోంచి మెషినూ, మందుల డబ్బాలూ దింపింది. పనికి వెళ్ళేటప్పుడు కట్టుకునే నీలం ఏప్రను కట్టుకుంది. తండ్రి గది తలుపు కొట్టింది.

"నాన్నా, సోఫా శుభ్రం చేస్తున్నాను. కాస్త వచ్చి చూస్తావా? నువ్వుంటే నాకు ధైర్యం."

ఆయన వెంటనే రాలేదు. ఆమె సోఫాని గోడ నుంచి లాగి, దుమ్మంతా పీల్చి, దిండ్ల జిప్పులు తీసేసరికి గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆమె చెక్క కుర్చీ జరిపింది. కూర్చున్నారు.

ఆమె ఏ ఇంట్లోనైనా అడిగే మాటే అడిగింది. "మరక దేనిది నాన్నా?"

పెద్దాయన గొంతు సవరించుకున్నారు. "చెప్పాను కదా. టీ."

"సరే."

ఆమె వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు కాచి తెచ్చింది. టీ మరకకి వేడినీళ్ళు మంచివి. ఇప్పుడు అక్కడున్న మరకకి మాత్రం వేడి తగిలిందంటే వాసన గుడ్డలోనూ స్పాంజిలోనూ పాతుకుపోయి జన్మలో వదలదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, ఆయనకీ తెలుసు. ఏ పరాయి ఇంట్లోనైనా అయితే తలాడించి, సరైన మందే గుట్టుగా కలిపేది. ఇక్కడ ఆ గుట్టు నడవదు. డబ్బా మూత తిప్పగానే ఆయన కనిపెట్టేస్తారు. నీ మాట నేను నమ్మలేదని ఆయన మొహం మీద చెప్పినట్టవుతుంది. సోఫా పోతే పోనీ అనుకుంది. సోఫాలు బోలెడు. నాన్న టీ అన్నారు కాబట్టి అది టీయే.

టీ మరకల డబ్బా తీసి వేడినీళ్ళలో కలిపింది. ఆవిరి లేచింది. మగ్గు ముంచి దిండు మీదికి వంచబోయింది.

"ఆగు."

ఆగింది.

"వేడినీళ్ళు వద్దు."

"టీ అన్నావు కదా నాన్నా."

పెద్దాయన తన అరచేతుల్లోకి చూసుకున్నారు. ఆ మందుల్లో నాని నాని గోళ్ళు అరిగిపోయిన చేతులవి.

"టీ కాదు చిన్నీ" అన్నారు. "నాకు... ఆగట్లేదు. లేచేలోగానే అయిపోతోంది. మొదటిసారి నిద్రలో అయింది, కల అనుకున్నాను. పోయిన చలికాలం నుంచీ."

"అన్నాళ్ళా!"

"మీ ఇద్దరూ అలసిపోయి వస్తారు. వచ్చి కూర్చునేది అందులోనే కదా. నేను పాడుచేసినచోట మీరు కూర్చుంటుంటే నాకు ముద్ద దిగేది కాదు."

ఆమె మగ్గు కింద పెట్టి ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చుంది. ఆయన చెయ్యి ఆమె తల మీద పడింది. కాసేపటికి ఆ చెయ్యే ఆమె భుజాన్ని కొంచెం నెట్టింది.

"లే. చన్నీళ్ళు తీసుకురా. ఆ తెల్ల డబ్బాలోని మందు వెయ్యి, ఎక్కువే పడుతుంది. వేసి ఊరుకో, దాని పని దాన్ని చేసుకోనీ. ముందు గుడ్డ లోపలి వైపు, తర్వాత పై వైపు."

"స్పాంజి ముక్క మార్చేద్దామా నాన్నా?"

"మార్చెయ్యి. అది పనికిరాదు. నేనే చంపేశాను దాన్ని" అన్నారు. ఆ మాటకి ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

పని అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. గుడ్డ మీద ఒక్క చార తప్ప అన్నీ పోయాయి. ఆ ఒక్కటీ ఆమె మళ్ళీ పట్టబోతే ఆయన వద్దన్నారు. గుడ్డ పాతదని, ఇంకా లాగితే చిరిగిపోతుందని అన్నారు.

డాక్టరు దగ్గరికి వెళ్దామంటే ఆయన ముందు ఒప్పుకోలేదు. రెండు రోజులు ఆలోచించుకుని, "అల్లుణ్ణి తోడు రమ్మను" అన్నారు.

కూతురు తెల్లబోయింది. "నేను రానా?"

"నీ ముందు నేను డాక్టరుకి ఏం చెప్పగలను? అతనికెలాగూ తెలుసు."

అల్లుడు షాపుకి సెలవు పెట్టి తీసుకెళ్ళాడు. ఆసుపత్రిలో వరండా నిండా మెత్తటి కుర్చీలు, పచ్చటి కొత్త గుడ్డ తొడిగినవి. చాలామటుకు ఖాళీగానే ఉన్నాయి. పెద్దాయన వాటి వైపు వెళ్ళలేదు. గోడకి భుజం ఆన్చి నిలబడ్డారు. అల్లుడు ఒక్కసారి కుర్చీల వైపు చూసి, మామగారి పక్కనే గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"నువ్వు కూర్చో బాబూ. చాలాసేపు పట్టేట్టుంది."

"ఫరవాలేదు మావయ్యా. షాపులో రోజంతా కూర్చునే ఉంటాను."

వరస నెమ్మదిగా కదులుతోంది. పెద్దాయన మోకాళ్ళు నొప్పెట్టి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటున్నారు. అల్లుడు మోచెయ్యి అందించాడు. ఆయన పట్టుకున్నారు.

"ఆ ప్లాస్టిక్ కవరు సంగతి..." అన్నాడు అల్లుడు, ఎదుటి గోడని చూస్తూ. "నాకు తెలివి లేకపోయింది మావయ్యా."

"తెలివి లేక కాదు. నీకింకా ఆ వయసు రాలేదు" అన్నారు పెద్దాయన. ఇంకాసేపు ఆగి, "కవరు మంచిదే. మా కస్టమర్లకి నేనే చెప్పేవాణ్ణి, వేసుకోండమ్మా అని. దాని మీద కూర్చోవాల్సినవాళ్ళ మొహాలు ఎప్పుడూ చూడలేదు" అన్నారు.

పేరు పిలిచేదాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు.

డాక్టరు మందులు రాసిచ్చారు. తగ్గుతుంది గాని పూర్తిగా పోదన్నారు. అలాగే జరిగింది. కూతురు బూడిద రంగు గుడ్డతోనే సీటు మీదికి ఒక కవరు కుట్టింది, లోపల తడి దిగని పొర పెట్టి. బయటికి అదీ సోఫాలో భాగంలాగే కనపడేది. పెద్దాయన మళ్ళీ సోఫాలో కూర్చున్నారు. తడిసినప్పుడు తడిసిందని చెప్పేవారు. మెల్లగానే చెప్పేవారు. ఆ మాట నోట్లోంచి రావడానికి ఆయనకి ప్రతిసారీ కష్టంగానే ఉండేది. కూతురు ఇంట్లో లేకపోతే అల్లుడే కవరు తీసి మార్చేవాడు. తివాచీ తుడిచేటప్పుడు నూగుకి ఎదురు బ్రష్షు కొట్టి తిట్లు తినేవాడు.

మరుసటి ఏడాది ఎండలు ముదిరేసరికి ఆయన మంచం పట్టారు. ఇక అన్నీ మంచం మీదే. కూతురు వ్యాను పని సగానికి తగ్గించుకుని, రోజూ పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళతో ఆయన ఒళ్ళు తుడిచి, పక్కబట్టలు మార్చేది. మొదటి రోజుల్లో ఆమె వచ్చేసరికి ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, అయిపోయేదాకా తెరిచేవారు కాదు. ఒకరోజు మాత్రం తెరిచే ఉంచారు. ఆమె ఆయన నడుం కింద గుడ్డతో అద్దుతుంటే ఆ చేతినే చూస్తూ పడుకున్నారు.

"చల్లగా ఉందా నాన్నా?"

"లేదు. బావుంది" అన్నారు.

ఆ వారంలోనే పోయారు.